అమెరికాకు మనవాళ్ళు రావడానికి దారి తెరిచిన అమెరికన్ రాజకీయ నాయకుడు ఎవరు?

"అమెరికాలో మనవాళ్ళు ఇంతమంది ఉండటానికి కారణమైన అమెరికన్ నాయకుడు ఎవరు? కెనెడీయేనా?" అని ఒకరు అడిగారు.

వలస చట్టంలో మార్పు కావాలని అధ్యక్షుడు కెనెడీ అడిగారు, సంతకం పెట్టింది ఆయన తర్వాత అధ్యక్షుడైన జాన్సన్. నన్నడిగితే మాత్రం ముందు చెప్పాల్సిన పేరు ఇమాన్యుయేల్ సెల్లర్. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ నుంచి గెలిచి దాదాపు 50 ఏళ్ళు ప్రతినిధుల సభలో కూర్చున్న మనిషి. ఆయన గురించి నాకు తెలిసింది మా పెదనాన్న బిస్కెట్ డబ్బా వల్ల.

పెదనాన్న గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1972 జనవరిలో బ్రూక్లిన్‌లో దిగారు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటారు. ఒక రేకు డబ్బాలో నానమ్మ రాసిన నీలం రంగు ఉత్తరాలు, వాటి కింద తన మొదటి గ్రీన్ కార్డు దాచుకున్నారు. ఫోటోలో నూనె రాసి పక్కపాపిడి తీసిన జుట్టు, సన్నటి టై. కుడి చెవి కనిపించాలన్నది అప్పటి నియమమట, అందుకని ముఖం కాస్త పక్కకి తిప్పి ఉంటుంది. ఆ కార్డు మీద పీ3తో మొదలయ్యే ఒక కోడ్ ఉంది. ఇదేంటి పెదనాన్నా అంటే ఆయనకీ తెలీదు. ఇంటికొచ్చి వెతికితే తేలింది: 'మూడో ప్రాధాన్యం', అంటే డాక్టర్లు, ఇంజనీర్లు, సైంటిస్టుల్లాంటి వృత్తి నిపుణుల కోటా. అది 1965 నాటి చట్టంలోది. దాని పేరు హార్ట్-సెల్లర్ చట్టం. హార్ట్ మిషిగన్ సెనేటర్. ఇక రెండో పేరు పట్టుకుని చదవడం మొదలుపెడితే వదల్లేకపోయాను.

సెల్లర్ 1888లో బ్రూక్లిన్‌లోనే పుట్టారు. వాళ్ళ పెద్దలు జర్మనీ నుంచి వలస వచ్చినవాళ్ళు. కాలేజీలో చేరిన కొత్తల్లోనే తండ్రి పోయారు, కొన్ని నెలలకే తల్లి కూడా. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి వైన్ అమ్మకం. అలా ఇల్లు నడుపుతూనే కొలంబియాలో 1912 నాటికి లా పూర్తి చేశారు.

ఆయన సభలోకి వచ్చింది 1923 మార్చిలో. సరిగ్గా దానికి ముందు నెలలోనే, భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో, భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడు కొత్త వలస చట్టం వచ్చింది. 1890 జనాభా లెక్కల ప్రకారం ఏ దేశం వాళ్ళు ఎంతమంది ఉన్నారో చూసి, అందులో రెండు శాతమే ఆ దేశానికి కోటా. 1890 అనే ఎందుకు? ఇటలీ నుంచి, తూర్పు యూరప్ నుంచి జనం పెద్ద ఎత్తున వచ్చింది ఆ తర్వాతే కాబట్టి. మన ఆసియా వాళ్ళకైతే ఆ కాస్త కూడా లేదు, తలుపు పూర్తిగా మూసేశారు. కొత్తగా గెలిచిన సెల్లర్ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఓడిపోయారు. చట్టం భారీ మెజారిటీతో పాసైంది.

ఆయన్ని నేను ఇంతగా గౌరవించేది ఇక్కడే. ఓడినా పట్టు వదల్లేదు, 41 ఏళ్ళు! నాజీల నుంచి పారిపోయి వస్తున్న యూదుల్ని ఆ కోటాలే అడ్డుకుంటుంటే తన సొంత డెమోక్రటిక్ పార్టీకి చెందిన అధ్యక్షుడు రూజ్వెల్ట్ ప్రభుత్వాన్నే నిలదీశారు. 1946లో రిపబ్లికన్ సభ్యురాలు క్లేర్ బూత్ లూస్‌తో కలిసి ఒక బిల్లు నెగ్గించారు. దానితో భారతీయులకు ఏడాదికి 100 మంది కోటా, అంతకంటే ముఖ్యంగా పౌరసత్వ హక్కు వచ్చాయి. వంద అంటే ఒక బస్సుకి ఎక్కువ, రెండు బస్సులకి తక్కువ అనిపిస్తుంది. కానీ ఆ చట్టం వల్లే దలీప్ సింగ్ సౌంద్ 1949లో పౌరుడై, 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కి గెలిచారు. ఆసియా మూలాలున్న మొదటి సభ్యుడు ఆయనే.

సెల్లర్ చాలా ఏళ్ళు న్యాయవ్యవహారాల కమిటీకి ఛైర్మన్. 1964 పౌరహక్కుల చట్టం ఆ కమిటీ నుంచే బయటికొచ్చింది. గుత్తాధిపత్యానికి వ్యతిరేకంగా తెచ్చిన 1950 చట్టానికీ ఆయన పేరే ఉంది. చివరికి 1965 అక్టోబర్ 3న, స్వేచ్ఛా ప్రతిమ ఉన్న దీవిలో జాన్సన్ వలస చట్టం మీద సంతకం చేశారు. పుట్టిన దేశాన్ని బట్టి కోటా అనే పాత పద్ధతి పోయింది. అప్పటికి సెల్లర్ వయసు 77.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ చట్టంతో ఆసియా నుంచి పెద్దగా జనం రారని చర్చలో ఆయనే చెప్పారు. అక్కడివాళ్ళకి ఇక్కడ బంధువులే తక్కువ కదా అన్నది ఆయన లెక్క. మా పెదనాన్నకి కూడా అమెరికాలో ఒక్క బంధువు లేడు. చదువు ఉంది, దాంతోనే వచ్చారు. ఆయన తర్వాత మా బాబాయి, అత్తయ్య, పిల్లలు.

చట్టంలో లోపాలు లేవని అనను. ఒక దేశానికి ఇంతే అనే పరిమితి అందులోనే ఉంది, అప్పట్లో ఏడాదికి 20,000 మంది. తర్వాతి చట్టాల్లో అదే ఆ కోటాల మొత్తంలో ఏడు శాతంగా మారింది. నా ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డు క్యూలో నా స్థానం చెప్పే తేదీ, 2015. క్యూ ఎంతవరకు కదిలిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా వచ్చే రోజు మా ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో ఈ క్యూలో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఆయన చివరి రోజులు నాకు బాధ కలిగించాయి. స్త్రీలకు సమాన హక్కులు ఇచ్చే రాజ్యాంగ సవరణను ఏళ్ళ తరబడి తన కమిటీలో తొక్కిపట్టారు. అది పెద్ద తప్పు. 1972 ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ఎన్నికలో, ఎలిజబెత్ హోల్ట్జ్‌మన్ అనే 30 ఏళ్ళ లాయరమ్మ పోటీకి దిగితే, పంటిపుల్లతో వాషింగ్టన్ స్మారక స్తంభాన్ని పడగొట్టాలని చూస్తోందని తీసిపారేశారు. ఆమె మెట్రో స్టేషన్ల దగ్గర, సినిమా హాళ్ళ క్యూల దగ్గర నిలబడి ఓట్లు అడిగింది. దాదాపు 600 ఓట్ల తేడాతో సెల్లర్ ఓడిపోయారు. గెలిచి ఉంటే అధ్యక్షుడు నిక్సన్ మీద ఆ కమిటీ జరిపిన అభిశంసన విచారణ ఆయన అధ్యక్షతనే జరిగేదేమో.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆ జూన్‌లో నైట్ డ్యూటీలో ఒక నర్సు పేపర్ చూపించి, "మా ముసలాయన ఓడిపోయాడు" అనడం ఆయనకి గుర్తుంది. ఆ ముసలాయన ఎవరో అప్పుడు పట్టించుకోలేదట.

"తర్వాత ఏమయ్యాడు?" అని అడిగారు.

"1981లో పోయారు పెదనాన్నా, బ్రూక్లిన్‌లోనే."

కార్డు మళ్ళీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "నేను 1983 దాకా అక్కడే ఉన్నాను కదరా. తెలిసుంటే ఒక్కసారి వెళ్ళి దండం పెట్టి వచ్చేవాణ్ణి."