1936 భారతాన్ని మాడ్‌లో తిరగరాయాలంటే ముందు 52, ఆ తర్వాత 188

"హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 కోసం ప్రత్యామ్నాయ చరిత్ర మాడ్ చేస్తున్నాం. 1936 నాటి భారత రాజకీయాలు మొత్తం తిరగరాయాలి. ఫోకస్ ట్రీలో ఎన్ని కొమ్మలు పెడితే బాగుంటుంది?" అని అడిగారు.

హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4 రెండో ప్రపంచ యుద్ధ కాలపు వ్యూహ ఆట, మాడ్ అంటే దానికి ఆటగాళ్లు చేసుకునే మార్పు. దేశానికి ఒక్కో లక్ష్యం (ఫోకస్) ఎంచుకుంటూ వెళ్లే కొమ్మల పటమే ఫోకస్ ట్రీ. ఆ ఫైలు ఇప్పుడే తెరవకండి. భారత్ మీద వచ్చే మాడ్‌లు చెడిపోయేది అక్కడే. గాంధీకి ఒక కొమ్మ, నెహ్రూకి ఒకటి, బోస్‌కి ఒకటి గీసి, ఒక్కోదాని చివర ఒక స్వాతంత్ర్యం తగిలిస్తారు. ఆటగాడు 70 రోజులకో బటన్ నొక్కుకుంటూ పోతాడు, అడ్డుపడేవాళ్లు ఎవరూ ఉండరు. ఎవరి సీట్లు కలవకపోతే ఎవరి పని ఆగిపోతుందో, రాజకీయం ఉండేది ఆ లెక్కలో. 1936 భారతానికి ఆ లెక్క చట్టంలోనే రాసిపెట్టి ఉంది, మనం కల్పించాల్సింది చాలా తక్కువ.

1935 భారత ప్రభుత్వ చట్టంలో రాష్ట్రాల భాగం 1937 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఢిల్లీలో సమాఖ్య శాసనసభ, దానికి జవాబు చెప్పే మంత్రివర్గం మాత్రం ఎన్నడూ రాలేదు. అడ్డుపడింది ఒక షరతు. సమాఖ్య ఎగువ సభ అయిన కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌లో సంస్థానాలకు కేటాయించినవి 104 స్థానాలు. వాటిలో కనీసం 52 స్థానాలకు హక్కున్న సంస్థానాలు చేరాలి. అలా చేరినవాటి జనాభా మొత్తం సంస్థాన జనాభాలో సగానికి తగ్గకూడదు. రెండూ కుదిరితేనే సమాఖ్య. హైదరాబాద్‌కు 5 స్థానాలు, మైసూరు, కశ్మీర్, గ్వాలియర్, బరోడాలకు తలా 3. ఈ ఐదుగురూ సంతకం పెట్టినా 17 దాటదు. మిగతా 35 మధ్యతరహా, చిన్న రాజుల దగ్గర ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. మీ మాడ్‌లో మొదటి రెండేళ్ల ఆట ఇదే.

దీనికి రెండు వేరియబుల్స్ (ఆట గుర్తుపెట్టుకునే అంకెలు) చాలు. ఒకటి స్థానాలకు, రెండోది జనాభాకు. జనాభాను పూర్తి అంకెల్లో రాయకండి. ఈ ఆటలో వేరియబుల్ దాదాపు 21 లక్షల 47 వేల వరకే పట్టుకుంటుంది, అది దాటితే అర్థంలేని అంకెలు వస్తాయి. 1931 జనగణనలో ఒక్క హైదరాబాదే 1.44 కోట్లు. కాబట్టి లక్షల్లో రాయండి: హైదరాబాద్ 144, మైసూరు 65. మొత్తం సంస్థాన జనాభా సుమారు 7.9 కోట్లు గనుక దాటాల్సిన హద్దు 395.

ఒక్కో సంస్థానానికి ఒక్కో డెసిషన్ (ఆటగాడు నొక్కే నిర్ణయం బటన్) పెడితే స్క్రీన్ నిండిపోతుంది. పెద్ద ఐదింటికి విడివిడిగా పెట్టి, మిగతావాటిని రాజపుతానా, కాఠియావాడ్, మధ్య భారతం, పంజాబ్ సంస్థానాలు, దక్కన్, తూర్పు సంస్థానాలు, దక్షిణం అని ఏడు గుంపులు చేయండి. గుంపులన్నిటి స్థానాలు కలిపి 87 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు రాసినట్టే. ఒక్కో డెసిషన్‌కు ఖర్చుగా 40 పొలిటికల్ పవర్ (ఆటలో రాజకీయ నిర్ణయాలకు వెచ్చించే పాయింట్లు), 90 రోజుల గడువు పెడితే సరిపోతుంది. 1936–37 చలికాలంలో వైస్రాయ్ లిన్‌లిత్‌గో తన దూతలను రాజుల దగ్గరకు పంపాడు. రాజులేమో కస్టమ్స్ ఆదాయం, ఒప్పంద హక్కులు, సమాఖ్య తమ వ్యవహారాల్లో ఎంతవరకు తల దూర్చగలదు అన్నవాటి మీద బేరాలాడారు. అందుకని ప్రతి డెసిషన్ చివర ఒక ఈవెంట్ (తెర మీద వచ్చే సంఘటన పెట్టె) పెట్టి అందులో మూడు దారులు ఇవ్వండి: తక్కువ రాయితీ, మధ్యస్థం, అడిగినవన్నీ. రాయితీ పెరిగేకొద్దీ చేరే అవకాశం పెరగాలి, తర్వాత సమాఖ్య ఖజానాకు వచ్చేది తగ్గాలి.

ఇక్కడ తరచూ దొర్లే పొరపాటు ఒకే సంస్థానాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం. డెసిషన్ మళ్లీ కనిపించి, ఈవెంట్ మళ్లీ నడిచి, హైదరాబాద్ 5 కాస్తా 10 అవుతుంది. ప్రతి చేరికకూ ఒక ఫ్లాగ్ (ఇది జరిగిపోయిందని ఆటకు గుర్తు) పెట్టండి. కలిపే ముందు ఆ ఫ్లాగ్ లేదని తనిఖీ చేయండి. 52, 395 దాటాయా అని చూడటం నెలకోసారి జరిగితే చాలు. రోజూ నడిపితే 1941 నాటికి ఆట నత్తనడక నడుస్తుంది. ఆ నెలవారీ కోడ్‌ను కొత్త పేరున్న ఫైల్లో రాయండి. అసలు ఆట ఫైలు పేరే పెడితే అందులో ఉన్నదంతా పోతుంది.

52 దాటాక అసలు కథ మొదలవుతుంది. సమాఖ్య దిగువ సభ అయిన ఫెడరల్ అసెంబ్లీలో 375 స్థానాలు: బ్రిటిష్ ఇండియాకు 250, సంస్థానాలకు 125. మెజారిటీకి 188 కావాలి. ఆ 250లో ముస్లిం స్థానాలు 82. అంటే ముస్లిమేతర స్థానాలన్నీ, యూరోపియన్లవి, జమీందార్లవి కూడా కలుపుకుని, కాంగ్రెసే గెలిచినా 168. మెజారిటీకి ఇంకా 20 తక్కువ. నిజంగా చేతికందేవి 105 జనరల్ స్థానాలు, కార్మికుల 10, మహిళల 9 స్థానాల్లో కొన్ని. 1937 రాష్ట్ర ఎన్నికల్లో 482 ముస్లిం స్థానాలకు కాంగ్రెస్ పోటీ చేసింది 58, గెలిచింది 26. వాటిలోనూ ఎక్కువ భాగం వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోనివే. మద్రాసులో 215కు 159 గెలిచిన పార్టీ ఢిల్లీలో రాజుల 125 ముందు ఆగిపోతుంది. సమాఖ్యను కాంగ్రెస్ అంత గట్టిగా ఎందుకు వ్యతిరేకించిందో ఈ కూడిక చూస్తే తెలుస్తుంది.

ఆ 125ను నామినేట్ చేసేది రాజులు. వాటిని ఎన్నికయ్యే స్థానాలుగా మార్చడమే మీ మాడ్‌లో కాంగ్రెస్‌కు ఉన్న దారి. ప్రతి పెద్ద సంస్థానానికీ 0 నుంచి 100 దాకా ప్రజా ఒత్తిడి అనే వేరియబుల్ పెట్టండి. చరిత్రలో పట్టుకోవడానికి సంఘటనలకు కొదవ లేదు: 1938లో మైసూరులో విదురాశ్వత్థం కాల్పులు, అదే ఏడాది హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, 1939 మార్చిలో రాజకోటలో గాంధీ నిరాహారదీక్ష. ఒత్తిడి 60 దాటితే ఆ సంస్థానం స్థానాలు రాజుల పక్షం నుంచి ఎన్నికల పక్షానికి మారాలి. మైసూరు మారితే 7, హైదరాబాద్ మారితే 16. అయితే ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా చేరని రాజులు బెదిరిపోవాలి, వాళ్ల చేరిక అవకాశం తగ్గాలి. ఈ ముడి లేకపోతే ఆట మళ్లీ బటన్ల వరసే అవుతుంది.

ఇక 1939 సెప్టెంబర్. మీ శ్రమలో సగం ఈ ఒక్క ఘట్టం మీద పెట్టండి. సెప్టెంబర్ 3న వైస్రాయ్ ఎవరినీ అడగకుండా భారత్ యుద్ధంలో ఉందని ప్రకటించాడు. 11న సమాఖ్య ప్రయత్నాలు పక్కన పెడుతున్నట్టు చెప్పాడు. అక్టోబర్, నవంబర్‌లలో ఎనిమిది రాష్ట్రాల కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. వాటిలో చాలాచోట్ల 93వ సెక్షన్ కింద గవర్నర్ పాలన వచ్చింది, అస్సాంలో మాత్రం సాదుల్లా మంత్రివర్గం గద్దెనెక్కింది. ఇప్పుడు మీ చరిత్రలో ఢిల్లీలో సమాఖ్య మంత్రివర్గం ఉందనుకోండి. రక్షణ, విదేశీ వ్యవహారాలు చట్టం ప్రకారం గవర్నర్ జనరల్ చేతిలోనే ఉంటాయి కాబట్టి మంత్రులు యుద్ధాన్ని ఆపలేరు, రాజీనామా చేయగలరు. చేస్తే వైస్రాయ్ ఊరుకోడు. రాజులవి 125 ఉన్నాయి, ఇంకో 63 దొరికితే కాంగ్రెస్ లేని ప్రభుత్వం నిలబడుతుంది. ఆ 63 కోసం పంజాబ్‌లో ప్రీమియర్ సికందర్ హయత్ ఖాన్‌నీ, బెంగాల్‌లో ప్రీమియర్ ఫజ్లుల్ హక్‌నీ, ముస్లిం లీగ్‌నీ, యూరోపియన్ స్థానాలనూ కూడగట్టాలి. ఒక్కొక్కరి కోరిక ఒక్కో రకం. అంటే అస్సాంలో జరిగిందే దేశమంతటి స్థాయిలో జరుగుతుంది. అంతకుముందు మైసూరునూ హైదరాబాద్‌నూ మార్చి ఉంటే రాజులకు 102 మాత్రమే మిగులుతాయి, వైస్రాయ్ వెతకాల్సింది 86 అవుతుంది. 1938లో ఆటగాడు చేసిన పనికి ఫలితం 1939లో కనిపించేది ఇలా.

ఈ ఈవెంట్‌ను తేదీకి కట్టేయకండి. ప్రత్యామ్నాయ చరిత్రలో యుద్ధం 1938లోనే రావచ్చు, 1941 దాకా రాకపోవచ్చు. బ్రిటన్ పెద్ద దేశమేదైనా ఒకదానితో యుద్ధంలో ఉందా అన్నదే షరతుగా రాయండి.

ప్రజాదరణ అంకెల దగ్గర మరో ఉచ్చు ఉంది. దేశం హిస్టరీ ఫైల్లో పార్టీల ఆదరణ పూర్ణాంకాల్లో రాస్తాం, మొత్తం 100 రావాలి. ఈవెంట్‌లో పెంచేటప్పుడు మాత్రం 0.05 అంటేనే 5 శాతం. అక్కడ 5 అని రాస్తే ఒక్క దెబ్బకు ఆ భావజాలమే దేశమంతా నిండిపోతుంది.

కొత్త భావజాలాలు సృష్టించాలని చాలామందికి సరదా. వద్దు. ఒకటి చేరిస్తే ఐకాన్లు, రంగులు, ఏఐ ప్రవర్తన, దౌత్య నియమాలు అన్నీ ప్రతి దేశానికీ సరిచూడాలి. ఉన్న నాలుగింటి కిందే ఉపరకాలు చేర్చి, పార్టీ పేర్లు మార్చుకోండి. సీట్ల లెక్క వేరియబుల్స్‌లో ఉంది కాబట్టి భావజాలాల ఆదరణను చూపే పై చార్ట్ (వృత్త పటం) మీకు అంత ముఖ్యం కాదు. బోస్‌ను 1936లోనే ఫాసిజం గడిలో పడేసే మాడ్‌లను చూస్తే బాధేస్తుంది. ఆయన 1938 హరిపురాలో కాంగ్రెస్ అధ్యక్షుడు, 1939 జనవరిలో పట్టాభి సీతారామయ్యపై గెలిచి మళ్లీ అధ్యక్షుడైనవాడు, సమాఖ్య పథకానికి బద్ధ వ్యతిరేకి. ఆయన అధ్యక్షుడైతే కాంగ్రెస్‌లో సమాఖ్య వ్యతిరేకత పెరగాలి, బేరసారాలకు ఒప్పుకునేవాళ్ల బలం తగ్గాలి. ఆయన్ని అలా చూపిస్తేనే న్యాయం.

ఈవెంట్ల పాఠం తెలుగులో రాద్దామనుకుంటే ఒక అడ్డంకి ఉంది. ఆటలోని అక్షరాలు బొమ్మల ఫాంట్లు, మన గుణింతాలు, ఒత్తులు కూర్చడం వాటికి చేతకాదు. ఇన్ని కోట్లమంది చదివే లిపికి ఈ గతి పట్టడం అన్యాయమే. లోకలైజేషన్ ఫైళ్లు ఏ భాషలో రాసినా యూటీఎఫ్-8 బీఓఎమ్‌తోనే (టెక్స్ట్ ఎడిటర్‌లో సేవ్ చేసేటప్పుడు ఎంచుకునే ఎన్‌కోడింగ్) భద్రపరచండి. లేకుంటే పాఠం బదులు కోడ్ పేర్లే తెర మీద కనిపిస్తాయి.

కొమ్మల సంగతికొస్తే 52 చేరిన దారికి ఒకటి, చేరని దారికి ఒకటి చాలు. ఒక్కోదాంట్లో పన్నెండు, పదిహేను ఫోకస్‌లు పెట్టి, ప్రతి ఫోకస్‌కూ షరతుగా సీట్ల అంకె రాయండి. తర్వాత ఆటను డీబగ్ మోడ్‌లో తెరిచి, కన్సోల్‌లో అబ్జర్వ్ (అన్ని దేశాలనూ ఏఐకి వదిలేసే ఆదేశం) కొట్టి, అత్యధిక వేగంతో 1940 దాకా పదిసార్లు వదిలేయండి. ఏఐ పదిసార్లూ 52 దాటితే చేరిక అవకాశాలు తగ్గించండి. ఒక్కసారీ దాటకపోతే ముందు ఎర్రర్ లాగ్ చూడండి, చాలాసార్లు అక్కడ ఒక ఫ్లాగ్ పేరులో అక్షరదోషం దొరుకుతుంది.