"రా నాన్నా" అంటే తప్పా?

ప్రశ్న: మా అబ్బాయికి ఐదేళ్లు. "రా నాన్నా, అన్నం తిందువుగాని" అని పిలిస్తే మొన్న "నేను నాన్నని కాదు, నాన్న ఆఫీసుకెళ్లాడు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ తర్వాత నాకూ డౌటొచ్చింది. కూతుర్ని అమ్మా అని, కొడుకుని నాన్నా అని ఎందుకు పిలుస్తాం? పిల్లలకి తాతల పేర్లు, నాయనమ్మల పేర్లు పెడతారు కాబట్టి ఆ గౌరవంతో అలా పిలుస్తారని మా అత్తగారు అన్నారు. నిజమేనా? ఇంకొకటి, "అమ్మ" సంస్కృతంలోని "అంబ" నుంచి వచ్చిందనీ, అచ్చ తెలుగు మాట "తల్లి" ఒక్కటేననీ ఎక్కడో చదివాను. మరి తల్లితండ్రులు పిల్లలకి ఏ మాట నేర్పాలి?

సమాధానం: "చూడండమ్మా" అని మొదలుపెట్టబోయి ఆగాను. మీరు నాకంటే చిన్నవారో పెద్దవారో నాకు తెలీదు, మా అమ్మ కాదని మాత్రం తెలుసు, అయినా ఆ మాట దానంతటదే వచ్చేసింది. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

అమ్మ, నాన్న అనే మాటలు తెలుగులో రెండు పనులు చేస్తాయి. ఒకటి చుట్టరికం చెప్పడం, రెండోది పిలవడం. "ఆవిడ మా అమ్మ" అన్నప్పుడు ఆ మాటకి ఒక్కటే అర్థం, సందేహం లేదు. పిలుపులోకి వచ్చేసరికి ఆ అర్థం పల్చబడిపోయి ఆప్యాయత మిగులుతుంది. అందుకే మీరు కొడుకుని "నాన్నా" అని పిలుస్తారు గానీ, ఎవరైనా "ఈ బాబు ఎవరు?" అని అడిగితే "మా నాన్న" అని చెప్పరు. (ముద్దొచ్చినప్పుడు "మా నాన్నే, మా బంగారమే" అంటారనుకోండి, అదీ పిలుపు కిందే లెక్క.) మీవాడికి చుట్టరికం బాగానే తెలిసింది, పిలుపుకి వేరే లెక్క ఉందన్నదే ఇంకా అందలేదు.

ఏ నాన్నని పిలుస్తున్నారో తేల్చే గుర్తు చాలాసార్లు వాక్యంలోనే ఉంటుంది. "తినరా నాన్నా" అంటే కొడుకే, ఆ "రా" ఒక్కటి చాలు. కన్నతండ్రినైతే "తిను నాన్నా" అంటారు, ఇంకొన్ని ఇళ్లలో "తినండి నాన్నా" అంటారు. అమ్మ దగ్గర మాత్రం ఈ గుర్తు పనిచేయదు, ఎందుకంటే తల్లి కూతుర్ని "రావే" అన్నట్టే, తల్లిని "రావే అమ్మా" అని చనువుగా పిలిచే పిల్లలు బోలెడుమంది. నాన్నకి లేని ఈ చనువు అమ్మకెందుకు దక్కిందో వ్యాకరణం చెప్పలేదు లెండి.

ఇంకో తేడా చూడండి. చెప్పు + అమ్మా "చెప్పమ్మా" అయిపోతుంది, తిను + అమ్మా "తినమ్మా", రా + అమ్మా "రామ్మా". నాన్నా హల్లుతో మొదలవుతుంది కాబట్టి అలా కలిసిపోదు, "చెప్పు నాన్నా" అని విడిగానే ఉంటుంది. క్రియలో ఇలా కరిగి కరిగి "అమ్మా" దాదాపు ప్రత్యయం లాగా తయారైంది. "అలా కాదమ్మా", "ఏడవకమ్మా" అని మగపిల్లాడితో కూడా అనేస్తాం, వాడికీ ఏమీ అనిపించదు. కూతుర్ని "నాన్నా" అనే తల్లులూ తక్కువేం కాదు. అంటే కూతురైతే అమ్మా, కొడుకైతే నాన్నా అన్నది మామూలు పద్ధతే గానీ గట్టి రూలేం కాదు.

ఇది మన ఒక్కరి వింత అనుకోకండి. అరబ్బీ మాట్లాడే చాలా ఇళ్లలో తల్లి తన బిడ్డని "మామా" అని పిలుస్తుంది, తండ్రి "బాబా" అంటాడు. అయితే అక్కడ లెక్క వేరు, పిలిచేవాళ్లు తమ పిలుపునే బిడ్డకి తగిలిస్తారు, కాబట్టి తల్లి నోట కొడుకూ "మామా"యే. మనం చూసేది బిడ్డ ఆడా మగా అన్నది, పిలిచేది తల్లైనా తండ్రైనా ఒకటే.

మీ అత్తగారి మాటని కొట్టిపారేయను. మామగారి పేరు పెట్టుకున్న పిల్లాణ్ణి ఆ పేరుతో కసురుకోలేక "నాన్నా" అనే కోడళ్లు ఉన్నారు. కానీ అదే అసలు కారణమైతే దారిలో ఏడుస్తున్న ఊరూపేరూ తెలియని పిల్లాడితో "ఎందుకు నాన్నా ఏడుస్తున్నావ్" అని ఎందుకంటాం? పైగా ఈ అలవాటు మాటల లోపలే ఉంది. "అబ్బ" అంటే తండ్రి. ఇవాళ ఆ అర్థం ఎక్కువగా తిట్లలోనే బతుకుతోంది గానీ "అబ్బాయి"లో ఉన్నది ఆ అబ్బే. "అమ్మాయి"లో ఉన్నది అమ్మే. అమ్మలు, అమ్మడు అనే ముద్దుపేర్లూ అలాంటివే. పేరు పెట్టకముందే ఆడపిల్లకి అమ్మ, మగపిల్లాడికి అబ్బ తగిలించేశాం.

"తల్లి" సంగతి దీనికి తలకిందులు. అది చుట్టరికం చెప్పే మాట. కన్నతల్లిని నిత్యం "తల్లీ" అని పిలిచేవాళ్లు ఎక్కడోగానీ ఉండరు. ఆ పిలుపు దేవతకి వెళ్తుంది, కూతురికి వెళ్తుంది. కూతురి విషయంలో గొంతుని బట్టి అర్థం మారిపోతుంది కూడా. "నా తల్లే" అంటే మురిపెం, "తల్లీ, నీకో దండం, ఇంక పడుకో" అంటే ఓపిక అయిపోయిందని. "ఆ మహాతల్లి" అంటే ఇక చెప్పక్కర్లేదు. "తండ్రి" కూడా అంతే, పిలవడానికి కాక చెప్పుకోవడానికి పుట్టిన మాట. పాత తమిళంలో ఎందై అంటే నా తండ్రి, నుందై అంటే నీ తండ్రి, తందై అంటే వాళ్ల తండ్రి. మన తండ్రి ఆ మూడోదానికి చుట్టం. తల్లులకీ అక్కడ ఇదే వరస: యాయ్, ఞాయ్, తాయ్. ఇంత వివరంగా ఎవరి అమ్మో మాటలోనే చెప్పేసేవాళ్లు.

ఇక అంబ. ప్రకృతి వికృతుల పట్టికలో "అంబ – అమ్మ" అని బళ్లో మనందరం బట్టీపట్టినదే, నాకైతే అది మొదట్నుంచీ నచ్చలేదు. తమిళం, కన్నడం, మలయాళం అన్నిట్లో "అమ్మ" ఉంది. "తల్లి"కి తమిళంలో తళ్ళై, మలయాళంలో తళ్ళ ఉన్నాయి. రెండూ మనవే. పెదవులు మూసి పాలు తాగే పసివాడు ముక్కుతో తీసే ధ్వని "మ్" కాబట్టి లోకంలో చాలా భాషల్లో తల్లికి "మ"కారం వచ్చిందని రోమన్ యాకబ్సన్ అనే భాషావేత్త వివరించాడు. రెండు భాషల్లో ఒకేలా వినిపిస్తే ఒకదాన్నుంచి ఒకటి అరువు తెచ్చుకున్నాయని అనుకోనక్కర్లేదు. అన్నట్టు జార్జియన్ భాషలో "మామా" అంటే తండ్రి, తల్లేమో "దెదా", ఆ పిల్లలు పాలు తాగలేదని కాదు కదా!

అంబ, అమ్మల మధ్య నాకు ముచ్చటనిపించే తేడా ఒకటుంది. పిలిచేటప్పుడు తెలుగులో చివరి అచ్చుని సాగదీస్తాం, అమ్మ "అమ్మా" అవుతుంది, తల్లి "తల్లీ" అవుతుంది. సంస్కృతంలో "అంబా" శబ్దానికి సంబోధనలో దీర్ఘం తీసేసి "హే అంబ" అనాలి. అమ్మ అనే అర్థమున్న మాటలకని పాణిని దీనికి ప్రత్యేకంగా సూత్రమే రాశాడు (అంబార్థనద్యోర్హ్రస్వః). ఈ సూత్రం కిందికి వచ్చే మాటల్లో "అక్కా" కూడా ఉంది, సంస్కృతంలో దానికి తల్లి అనే అర్థం.

ఏది నేర్పాలంటారా, మీవాడికి రెండూ వచ్చే ఉంటాయి, మీరు నేర్పకుండానే. "రా నాన్నా" అని పిలుస్తూనే ఉండండి.

ఒక్క చిన్న సవరణ. మీరు "తల్లితండ్రులు" అని రాశారు. ఇలాంటి జంట మాటల్లో రెండో మాట మొదటున్న క చ ట త పలు గ స డ ద వలవుతాయని 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి చెప్పాడు, కాబట్టి తల్లిదండ్రులు. ఆ సూత్రం అక్కర్లేదనుకుంటే వదిలేయండి, "అన్నతమ్ములు" అని మీరు ఎప్పుడైనా అన్నారా?