నలుగురిలో మాట పడ్డాను.. అప్పటి నుంచి నిద్ర లేదు. ఇది జబ్బేనా?

ప్రశ్న: నా వయసు 56. హైస్కూల్లో టీచర్‌ని. మే నెలలో మా అమ్మాయి పెళ్లి చేశాం. రెండో బంతిలో గుత్తివంకాయ కూర అయిపోయింది. మా వియ్యంకుడు ఆకు ముందు నుంచి లేచి, 'కూర కూడా పెట్టలేనివాడివి పెళ్లెందుకు చేశావయ్యా' అని అందరి ముందూ అరిచారు. నేను చేతులు జోడించి నిలబడ్డాను. అప్పటి నుంచి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. ఆ మాటే చెవిలో మోగుతోంది. ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఈసీజీ నార్మల్ అన్నారు. శుభకార్యాలకు వెళ్లడం మానేశాను. 'ఆ మాత్రం దానికి ఇంతగానా' అంటున్నారు ఇంట్లో. సంక్రాంతికి వియ్యాలవారింటికి వెళ్లి పిలవాలి. తలుచుకుంటేనే చెమటలు పడుతున్నాయి.
- ఓ పాఠకుడు

జవాబు: 'ఆ మాత్రం దానికి' అన్న మాట దగ్గరే మొదలుపెడతాను. ఉద్యోగం పోయినవాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు బాధ చెప్పుకుంటారు. నలుగురిలో మాట పడ్డవాళ్లు చెప్పుకోలేరు. చెప్పాలంటే ఆ మాటను మళ్లీ తమ నోటితోనే అనాలి కదా. మీరు ఉన్నదున్నట్టు రాశారు. అది తేలికైన పనేమీ కాదు.

అన్నవాడు దారినపోయేవాడైతే మీరూ ఓ మాట అనేసి ఇంటికొచ్చేవారు. ఆయన మీ అమ్మాయి మామగారు. తిరిగి అనలేరు, ముఖం చాటేయలేరు, పండగొస్తే గుమ్మంలోకి వెళ్లి పిలవాలి. 1995లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం మహిళల మీద చేసిన అధ్యయనం సరిగ్గా దీని గురించే. జీవితంలో పెద్ద దెబ్బ తగిలాక డిప్రెషన్ రావడానికి, నష్టం కంటే కూడా అవమానం, అందులోంచి బయటపడే దారి లేకపోవడం ఎక్కువగా కారణమవుతున్నాయని తేల్చారు. శరీరం మీదా ఆ ప్రభావం ఉంటుంది. 208 ప్రయోగాల ఫలితాలను కలిపి 2004లో పరిశీలిస్తే, నలుగురూ తన విలువ తేలుస్తున్నారనిపించి, తన చేతిలో ఏమీ లేదనిపించినప్పుడే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ బాగా పెరిగింది, తగ్గడానికీ ఎక్కువసేపు పట్టింది. కాబట్టి మీ చెమటలు, మీ మెలకువ పిరికితనం వల్ల వచ్చినవి కావు.

ఇంకో సంగతి. 'పరువు పోయింది', 'తల కొట్టేసినట్టయింది' అంటాం. పోయింది మన పరువు, తెగింది మన తల. నోరు పారేసుకున్నవాడి ఊసే ఆ మాటల్లో ఉండదు! తప్పు చేసినవాడికి సిగ్గేస్తుంది, దిద్దుకుంటే అది తీరుతుంది. మీ వైపు దిద్దుకోవడానికేముంది? వంటవాళ్ల లెక్క తప్పింది, అంతే. దిద్దుకునేది దొరక్క మనసు ఆ పందిట్లోనే తిరుగుతోంది. చేతులు జోడించినందుకు మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారేమో. అప్పుడు మీ కళ్ల ముందున్నది మీ అమ్మాయి. ఏ తండ్రయినా అదే చేసేవాడు.

ఇక వైద్యం. మీ వయసులో ఛాతీ పట్టేస్తోందంటే ఒక్క ఈసీజీతో వదిలేయకూడదు. మెట్లెక్కుతున్నప్పుడు పట్టేసి, ఆగితే తగ్గుతోందా? కార్డియాలజిస్టుని కలిసి అవసరమైతే ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. చెమటతో పాటు నొప్పి చేతిలోకో, దవడలోకో పాకితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

గుండె బాగుందని తేలితే సైకియాట్రిస్టుని కలవండి. తెల్లవారకముందే మెలకువ, మనుషులకు దూరం కావడం రెండు వారాలు దాటితే చాలు, పట్టించుకోవాలి. మీకు నెలలు గడిచిపోయాయి. డిప్రెషన్ అని తేలి మందులు రాస్తే, పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, డాక్టర్ని అడక్కుండా ఆపకూడదు. అవి నిద్రమాత్రల్లా వ్యసనంగా మారేవి కావు. మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు తెచ్చుకోవడం, నిద్ర కోసం రాత్రి మద్యం తాగడం మాత్రం వద్దు. చచ్చిపోతే బాగుండునని ఒక్కసారి అనిపించినా ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు.

మందులతో పాటు ఇంకొకటి కావాలి. ఆ రోజు అక్కడున్న ఒక్క మనిషి. మీలాగే మాట పడ్డ ఒకాయన నా దగ్గరికి చాలాకాలం వచ్చారు. ఆయనకు బజార్లో ఆనాటి వంటమేస్త్రీ ఎదురై, 'మీ చేతులు వణకడం చూశానండీ, నాకే కడుపు మండింది' అన్నాడట. అది చెబుతూ ఆయన నా ముందు మొదటిసారి ఏడ్చారు. ఆ రాత్రి నిద్రపోయారు కూడా. మీ బావమరిదినో, స్నేహితుణ్నో 'ఆ రోజు నువ్వేం చూశావు?' అని అడగండి. 'పోనీలే, మర్చిపో' అనేవాళ్ల దగ్గరికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి.

పండగ పిలుపుకి ఒక్కరే వెళ్లొద్దు. మీ ఆవిడనో, మీవైపు పెద్దవాళ్లనో వెంటబెట్టుకుని వెళ్లండి. పిలిచి, కాఫీ తాగి వచ్చేయండి. ఆ మాట బాధపెట్టిందని చెప్పాలనిపిస్తే నిద్ర కుదురుకున్నాక, సంబంధం కుదిర్చిన పెద్దమనిషి చేత చెప్పించండి. వియ్యంకుడు క్షమాపణ అడిగితేనే నేను కోలుకుంటానని మాత్రం పెట్టుకోకండి.

ఆ రోజు మీ అమ్మాయి కూడా అదంతా చూసే ఉంటుంది. తన వల్లే నాన్నకి ఇదంతా అనుకుంటోందేమో. పండక్కి వచ్చినప్పుడు విడిగా కూర్చోబెట్టుకుని, అక్కడ తనతో ఎలా మాట్లాడుతున్నారో అడగండి. ఆ నోరు తన మీదా లేస్తోందని, డబ్బో బంగారమో తెమ్మంటున్నారని చెబితే సర్దుకుపొమ్మనకండి. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు తన ఫోన్లో ఉండేలా చూడండి.