తెరచాప పడవలో దీవుల మధ్య తిరిగేటప్పుడు రాత్రికి లంగరు వేసే చోటును ఎలా ఎంచుకుంటారు?

కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవులనే తీసుకుందాం. అక్కడ ఏడాది పొడవునా ఎక్కువగా తూర్పు నుంచే వ్యాపార పవనాలు వీస్తాయి కాబట్టి, దీవికి పడమర వైపున కొండ చాటున ఉండే అఖాతాలు రాత్రి మకాముకు అనువైనవి. నార్మన్ దీవిలోని బైట్ అనే అఖాతం అలాంటిదే. ఉదయమే బయలుదేరి, ఎండ బాగా ఉండగానే చేరుకోవాలి. సూర్యుడు ఎత్తులో ఉన్నప్పుడే నీటి రంగును బట్టి అడుగున ఏముందో తెలుస్తుంది: లేత ఆకుపచ్చ నీలం కనిపిస్తే ఇసుక, గోధుమ రంగు కనిపిస్తే చాలావరకు పగడపు దిబ్బ.

లంగరును ఇసుకలోనే వేయాలి. సముద్రపు గడ్డిలో అది సరిగా దిగదు. పగడాల మీద వేయడం మాత్రం క్షమించరానిది, ఎందుకంటే అవి మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. లోతు 5 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముందు భాగం ఎత్తు 1 మీటరు అయితే, మొత్తం 6 మీటర్లకు ఐదు రెట్లు, అంటే 30 మీటర్ల గొలుసు వదలాలి. గొలుసు అడుగున పడుకుని ఉంటేనే లాగుడు అడ్డంగా పడి లంగరు ఇసుకలోకి దిగుతుంది. తరువాత ఇంజిన్‌ను రివర్స్‌లో మెల్లగా నడుపుతూ, ఒడ్డున ఒకే వరుసలో కనిపించే చెట్టు, బండ వంటి రెండు గుర్తులు ఒకదానికొకటి పక్కకు జరగడం లేదని, అంటే లంగరు జారకుండా పట్టుకుందని నిర్ధారించుకోవాలి. రాత్రి గాలి దిక్కు మారితే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది కనుక, పక్క పడవలకు ఆ మేరకు దూరం ఉంచడం తప్పనిసరి.