పరిణామమా? వికాసమా?

సందేహం: మా బడి గోడపత్రికకు పిల్లలు ఒక వ్యాసం రాశారు. అందులో ఒక వాక్యం: ‘భూమిపై 450 కోట్ల సంవత్సరాల క్రితం జీవితం ఉద్భవించి, పరిమాణం చెందుతూ, కోతి నుంచి మనిషిగా వికసించింది.’ నేను ‘పరిమాణం’ కొట్టేసి ‘పరిణామం’ అని దిద్దాను. మా తెలుగు మాస్టారేమో పరిణామమంటే చెడు ఫలితమనే అర్థం స్ఫురిస్తుంది, ‘జీవవికాసం’ అనడమే మేలు అంటున్నారు. ఏది సరి? అదే వ్యాసంలో జీవుల్ని జరాయుజాలు (మావితో పుట్టేవి), అండజాలు (గుడ్డు నుంచి పుట్టేవి), స్వేదజాలు (చెమట నుంచి పుట్టేవి), ఉద్భిజాలు (నేల చీల్చుకుని మొలిచేవి) అని నాలుగుగా విభజించారు. ఉంచవచ్చా?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: మీ దిద్దుబాటు సరైనదే. ‘పరిమాణం’ అంటే కొలత. ‘మా’ ధాతువు నుంచి వచ్చింది, ప్రమాణం దానికి తోబుట్టువు. ‘పరిణామం’ వంగడం, మరలడం అనే అర్థమున్న ‘నమ్’ ధాతువు నుంచి వచ్చింది. ప్రణామంలో ఉన్నదీ అదే. ముందున్న రేఫ (ర్) వల్ల నకారం ణకారమైంది. ప్రమాణంలా పరిమాణం, ప్రణామంలా పరిణామం అని పిల్లలకు ఒకసారి చెబితే మళ్లీ తడబడరు.

మాస్టారి అభ్యంతరం పత్రికల భాష వల్ల వచ్చింది. ‘తీవ్ర పరిణామాలు ఎదుర్కోవలసి వస్తుంది’ వంటి హెచ్చరికలు రోజూ చదివి చదివి ఆ మాటకు చేదు అంటింది. కానీ పరిణామమే చెడ్డదైతే దానికి ముందు ‘దుష్’ తగిలించి దుష్పరిణామం అనవలసిన పనేముంది? శాస్త్రాల్లో ఈ మాటకు పాత పలుకుబడి ఉంది. ప్రాచీన సాంఖ్య దార్శనికులది పరిణామవాదం. పాలు పెరుగైనట్టు, ఉన్నదే నిజంగా మారి మరొకటి కావడం. తాడును చూసి పామనుకోవడం పరిణామం కాదు, అద్వైత వేదాంతులు దాన్ని వివర్తమన్నారు. ఆయుర్వేదంలో తిన్నది అరిగే వేళ వచ్చే కడుపునొప్పి ‘పరిణామశూల’. రెండు చోట్లా మార్పు ఒక్కటే అర్థం. బాగుపడటం, చెడిపోవడం అన్న తీర్పు అందులో లేదు.

వికాసంలో ఆ తీర్పు ఉంది. మొగ్గ విచ్చుకోవడం అది. ముందే లోపల ఉన్నది బయటపడాలి, అది అందంగా, పూర్ణంగా ఉండాలి. హిందీలో, కన్నడంలో వికాస పదమే స్థిరపడింది; తమిళులూ మలయాళీలూ మనలాగే పరిణామం అంటారు. వికాసం అనేవాళ్లతో మనకు పేచీ లేదు గానీ, జీవుల సంగతి చూస్తే మన మాటే అతుకుతుంది. మీ ప్రాంతంలో గొర్రెలకు నట్టల మందు తాపుతారు కదా, ఆ నట్టల్లో బద్దెపురుగు ఒకటి. దానికి నోరు లేదు, పేగు లేదు. గొర్రె అరిగించినదాన్ని చర్మంతోనే పీల్చుకుంటుంది. దాని పూర్వజీవులకు ఉన్న పేగు దీనికి పోయింది. పాముకు కాళ్లు పోయాయి. ఇవన్నీ పరిణామమే. వికాసమని ఏ నోటితో అంటాం?

ఈ చిక్కు డార్విన్‌కూ ఎదురైంది. ఇంగ్లీషు మాట ‘ఎవల్యూషన్’కు మూలార్థం చుట్ట విప్పడం, అంటే లోపల రాసి ఉన్నదే బయటికి రావడం. ఆయన 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ గ్రంథం మొదటి ముద్రణలో ఆ నామవాచకం ఎక్కడా లేదు. ‘మార్పులతో సాగే వంశక్రమం’ అనే అర్థమొచ్చే పదబంధంతో నెట్టుకొచ్చి, ‘ఎవాల్వ్‌డ్’ అన్న క్రియతో పుస్తకం ముగించారు. 1872లో ఆరో ముద్రణకు వచ్చేసరికి లోకమంతా వాడుతున్న మాటను ఆయనా వాడక తప్పలేదు.

నామవాచకం తగువు ఇంతటితో తీరింది. నా దృష్టిలో అసలు ప్రమాదం క్రియల్లో ఉంది, దాని గురించి మీరు అడగలేదు. ‘జిరాఫీ మెడను పొడుగు చేసుకుంది’, ‘చేప కాళ్లు తెచ్చుకుంది’, ‘పురుగు మందును తట్టుకునే శక్తి సంపాదించుకుంది’. ఇలాంటి వాక్యాలు పాఠాల్లో కోకొల్లలు. తెలుగులో ‘కొను’ చేరితే ఆ పని తనకోసం, తన ఇష్టంతో చేసినట్టు అర్థమవుతుంది. వండాడు వేరు, వండుకున్నాడు వేరు. కాబట్టి ‘తెచ్చుకుంది’ అన్నామంటే చేప నిర్ణయం తీసుకుని కాళ్ల కోసం బయలుదేరినట్టే. ‘కోసం’ అన్న మాట కూడా ఇలాగే మోసం చేస్తుంది.

1987–88లో కోస్తా పత్తి చేలల్లో జరిగింది మీ పక్క జిల్లా ప్రకాశంలో పెద్ద రైతుల్నడిగితే ఇప్పటికీ చెబుతారు. శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెత్రాయిడ్ మందులకు లొంగలేదు. పిచికారి మీద పిచికారి కొట్టినా తెల్లారేసరికి కాయకు బొక్క, బొక్కలో తల దూర్చి పురుగు. ‘మందు పన్జెయ్యడంలా, పురుగు అలవాటు పడిపొయ్యుండాది’ అన్నది రైతు మాట. వాడుకలో అది చక్కని మాటే. శాస్త్రం రాసేటప్పుడు మాత్రం అక్కడ ఆగాలి. మందు తగిలిన పురుగు అలవాటు పడలేదు, చచ్చింది. లక్షల్లో ఏ కొన్నింటికో ఆ విషాన్ని ఒంట్లోనే విరిచేసే గుణం పుట్టుకతోనే ఉంది. అవి మిగిలాయి. జతకట్టినవీ గుడ్లు పెట్టినవీ అవే. తరానికి నెల పైచిలుకు పట్టే పురుగు. ప్రతి పిచికారీ మామూలు పురుగుల్ని ఏరిపారేస్తూ పోతే కొన్ని తరాలకు చేనంతా ఆ మిగిలినవాటి సంతానమే. ఏ ఒక్క పురుగూ మారలేదు, పురుగుల జనాభా మారింది. ‘తెచ్చుకుంది’ తీసేసి ‘మిగిలింది’, ‘నిలిచింది’ అని రాయండి, పాఠం దానంతటదే సరవుతుంది.

ఇలా కొన్ని మిగిలి తక్కినవి పోవడాన్ని శాస్త్రం ‘ప్రకృతి వరణం’ (నేచురల్ సెలెక్షన్) అంటుంది. ఆ మాట మీదా ఇదే ఆక్షేపణ ఉంది. వరణమంటే ఎంచుకోవడం, స్వయంవరంలో ఉన్నది అదే. ప్రకృతిని ఎంచుకునే దేవతను చేశారన్న ఫిర్యాదు డార్విన్‌కూ వచ్చింది. 1861 మూడో ముద్రణలో, అది అలంకారంగా అన్న మాటేనని ఆయన సంజాయిషీ రాసుకున్నారు. మనిషి పెంచే పశువుల సంగతి వేరు. నెల్లూరు గొర్రెల్లో తెల్లటి పల్ల, మూతీ కళ్ల చుట్టూ నల్లమచ్చలున్న జోడిపి, ఎర్రటి దొర అని రకాలున్నాయి. ఒంగోలు గిత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్రెజిల్‌కు వెళ్లి, అక్కడ నెల్లూరు పేరుతోనే ‘నెలోర్’ జాతికి మూలమైంది. ఏ పొట్టేలును ఉంచాలో, ఏ ఆబోతును వదలాలో పెంపకంలో నిర్ణయించేది మనిషి. కాబట్టి ‘ఎంచుకున్నారు’ అనవచ్చు. ప్రకృతి విషయంలో పారిభాషికపదంగా వరణం ఉండనివ్వండి, వివరణలో మాత్రం ‘ప్రకృతి ఎంచుకుంది’ అనకండి.

మీ పిల్లల వాక్యంలో ‘జీవితం ఉద్భవించి’ కూడా మారాలి. జీవితమంటే ఒకరు బతికిన కాలం, బతుకు. భూమి మీద పుట్టింది జీవం. సంధి చేసి ‘జీవావిర్భావం’ అన్నా తప్పు లేదు, ‘జీవం పుట్టుక’ నాకు ఇంకా ఇష్టం. అంకె కూడా జారింది. దాదాపు 454 కోట్ల ఏళ్లన్నది భూమి వయసు. జీవం ఆనవాళ్లలో బాగా పాతవి, పశ్చిమ ఆస్ట్రేలియా శిలల్లో సూక్ష్మజీవులు పొరలుపొరలుగా కట్టినవి, సుమారు 350 కోట్ల ఏళ్లనాటివి. ‘కోతి నుంచి మనిషి’ వద్దు. మనకూ చింపాంజీకీ మూలపురుషులు ఒక్కరే, 60–70 లక్షల ఏళ్ల కిందట వేరుపడ్డాం. దీనికి తెలుగులో ‘దాయాది’ అని అచ్చంగా సరిపోయే మాట ఉంది. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది.

ఇక నాలుగు రకాల జీవులు. ఐతరేయోపనిషత్తులో ఈ నాలుగూ ఉన్నాయి. ఛాందోగ్యంలో మూడే, స్వేదజాలు లేవు. ప్రాచీనుల వర్గీకరణ అని చెప్పి ఉంచితే ఉంచండి, ఇప్పటి శాస్త్రంగా ఉంచకూడదు. చెమటలోంచి పేలు పుట్టవు. ‘ఈరు పేనై, పేను పెరుమాళ్లయినట్టు’ అన్న సామెత కట్టినవాళ్లకు పేను ఎక్కణ్నుంచి వస్తుందో స్పష్టంగానే తెలుసు. కుళ్లిన మాంసంలో పురుగులు వాటంతటవే పుట్టవని ఇటలీ వైద్యుడు రెడీ 1668లోనూ, కాచిన రసంలో సూక్ష్మజీవులు కూడా అలా పుట్టవని ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ 1860 ప్రాంతంలోనూ ప్రయోగాలతో తేల్చారు.

తెలివైన పిల్లలుంటే వెంటనే అడుగుతారు: మరి మొట్టమొదటి జీవం నిర్జీవంలోంచే కదా వచ్చింది? నిజమే. పాశ్చర్ తేల్చింది ఇప్పటి భూమి మీద, ఇప్పటి గాలిలో, కొద్ది కాలంలో ఏం జరగదో. ఆనాడు గాలిలో ఆక్సిజన్ లేదు, తయారైన పదార్థాన్ని తినేయడానికి మరో జీవీ లేదు, కాలానికి కొదవ లేదు. ఈ దారిలో 1924లో రష్యన్ శాస్త్రవేత్త ఒపారిన్, 1929లో బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ ఆలోచించారు. అమెరికన్ రసాయన శాస్త్రవేత్త మిల్లర్ 1953లో ప్రకటించిన ప్రయోగంలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి విద్యుత్ మెరుపులు పుట్టిస్తే అమైనో ఆమ్లాలు తయారయ్యాయి. జీవం తయారు కాలేదు. పిల్లలు ఇక్కడ ఒక అడుగు ఎక్కువ వేసి రాస్తారు, గమనించండి.

చివరగా, ‘ఉద్భిజాలు’ కాదు, ‘ఉద్భిజ్జాలు’. ఉద్భిద్ + జ. దకారం జకారమై జ కింద జ వత్తు చేరుతుంది. గోడకెక్కించే ముందు ఆ వత్తు పెట్టించండి.