విరేచనాలు పట్టుకున్నప్పుడు ముందు చేయాల్సింది

చిరంజీవి అమ్మడికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మోషన్స్ బ్యాక్టీరియా వల్ల అయితే యాంటీబయాటిక్ వేయకుండా ఎలా తగ్గుతాయని అడిగావు. ఫోన్లో హడావుడిగా చెబితే సగం చెవిన పడి సగం పోతుంది, అందుకే రాస్తున్నాను. నర్సుగా వార్డుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి ఈ విషయంలో నీకు గట్టిగా చెప్పే చనువు తీసుకుంటున్నాను.

సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్, ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలు కూడా, మనిషి ఆరోగ్యంగా ఉంటే చాలావరకు వారంలోపు వాటంతట అవే తగ్గిపోతాయి. క్రిమిని వెళ్లగొట్టే పని ఒళ్లే చేసుకుంటుంది. ఈలోపు ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఒంట్లోంచి పోయే నీళ్లూ లవణాలూ. పోయినదాన్ని పోయినట్టే తిరిగి పోయడమే మన చికిత్స. మిగతా మందులన్నీ దాని తర్వాతే.

ఓఆర్ఎస్ అంటే ఉప్పు, చక్కెర నీళ్లే కదా అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. కలరా క్రిమి వదిలే విషం పేగు గోడ చేత నీళ్లు కక్కిస్తుంది. కానీ అదే గోడలో గ్లూకోజ్‌నీ సోడియాన్నీ జంటగా లోపలికి లాక్కునే దారి ఒకటుంది, విషం దాన్ని ముట్టుకోలేదు. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెంట నీళ్లూ పోతాయి. అందుకే ఉత్త నీళ్లు నిలవనప్పుడు కూడా ఓఆర్ఎస్ నిలుస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్నప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి, రోగుల పక్కనున్న వాళ్ల చేతే తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇప్పటి ప్యాకెట్ ఆనాటి దానికంటే మెరుగైంది. 2002 నుంచి అందులో ఉప్పు, గ్లూకోజ్ రెండూ తగ్గించారు. దానివల్ల వాంతులూ విరేచనాలూ ఇంకొంచెం తగ్గుతాయి.

కలపడంలోనే చాలామంది తప్పు చేస్తారు. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు, 200 మిల్లీలీటర్లు అని ఉంటే అంతే. సగం పొడి దాచి సగం కలపొద్దు. చిక్కగా ఉంటే బలమని నీళ్లు తగ్గించొద్దు, ఉప్పు ఎక్కువైతే పసివాళ్లకు ప్రమాదం. నీళ్లు ముందే కాచి చల్లార్చాలి, కలిపాక మరిగించకూడదు. రుచి కోసం ఇంకో చెంచా చక్కెర కూడా వద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపు. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా చదును చేసి వేయాలి. కూల్‌డ్రింకులు, తీపి రసాలు మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అంత చక్కెర పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది.

ఇక తాగించడం. బిడ్డ కక్కేస్తున్నాడని మానేస్తారు, అక్కడే పట్టు తప్పుతుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగు. తర్వాత టీస్పూనుతో ఒక్కో గుక్క, నిమిషానికో రెండు నిమిషాలకో ఒకసారి. విసుగు పుట్టే పని అది, చెయ్యి లాగుతుంది, గ్లాసు నోటికి ఆనించేయాలనిపిస్తుంది. ఆనించొద్దు, ఒక్కసారిగా పడితే మళ్లీ కక్కేస్తాడు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు వాళ్లకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పదేళ్ల లోపు వాళ్లకు 100 నుంచి 200, పెద్దవాళ్లకు తాగగలిగినంత. తల్లిపాలు ఆపకూడదు. పేగుకు విశ్రాంతి పేరుతో కడుపు మాడ్చడం పాత అలవాటు, అది తప్పు. ఆకలేస్తే పెట్టాలి, తిండి అందితేనే పేగు త్వరగా కోలుకుంటుంది.

పిల్లలకు దీనితో పాటు జింక్. రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆరు నెలల లోపు అయితే 10, పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో చెప్పాయి. 2020లో భారత్, టాంజానియా పిల్లల మీద చేసిన అధ్యయనంలో అంతకంటే తక్కువ మోతాదు కూడా బాగానే పనిచేసింది, వాంతులూ తగ్గాయి. కాబట్టి మీ డాక్టర్ తక్కువ రాస్తే కంగారు పడకు. మోషన్స్ ఆగాయని మధ్యలో మానకు.

విరేచనాలు ఆపే మందుల గురించి జాగ్రత్త. లోపరమైడ్ పేగు కదలికను బిగపడుతుంది. పెద్దవాళ్లకు ఉత్త నీళ్ల విరేచనాలైతే ఒకటి రెండు రోజులు పనికొస్తుంది. జ్వరం గానీ రక్తం గానీ ఉంటే ముట్టుకోవద్దు, విషం లోపలే ఉండిపోతుంది. చిన్నపిల్లలకు అసలు వద్దు. రేసికాడోట్రిల్ వేరే రకం, పేగును ఆపకుండా నీళ్లు ఊరడాన్ని తగ్గిస్తుంది, డాక్టర్ రాస్తే వాడొచ్చు. బిస్మత్ సబ్‌సాలిసిలేట్ అనే ఇంకో విరేచనాల మందుతో నాలుక, మలం నల్లబడతాయి, భయపడక్కర్లేదు. అయితే అది ఆస్పిరిన్ కుటుంబానిది. పిల్లలకు, గర్భిణులకు, ఆస్పిరిన్ పడనివాళ్లకు ఇవ్వకూడదు.

ప్రోబయోటిక్స్, అంటే పేగుకు మేలు చేస్తాయని ఇచ్చే మంచి క్రిముల మందుల గురించి నువ్వు ఆశగా అడిగావు. నేనైతే వాటి మీద డబ్బు పెట్టను. 2018లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో పిల్లలకు వాటివల్ల ప్రయోజనం కనిపించలేదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకైతే హాని కూడా చేయొచ్చు.

యాంటీబయాటిక్ అంటే నాకు కోపమేమీ లేదు, కానీ చోటు తెలియకుండా వాడితే చేటు చేస్తుంది. షిగా టాక్సిన్ అనే విషం తయారుచేసే ఈ.కోలై రకం ఉంది, దానికి యాంటీబయాటిక్ ఇస్తే విషం ఇంకా ఎక్కువ విడుదలై కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం పెరగొచ్చు. మామూలు సాల్మొనెల్లాకు ఇస్తే జబ్బు త్వరగా తగ్గదు, పైగా క్రిమి మలంలో ఎక్కువకాలం ఉండిపోవచ్చు. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా అయితే యాంటీబయాటిక్ వాడాక మంచి క్రిములు చచ్చిన చోటే విజృంభిస్తుంది. అది మళ్లీ మళ్లీ తిరగబెట్టేవాళ్లకు ఆరోగ్యవంతుల మలంలోని క్రిములను పేగులోకి ఎక్కించే చికిత్స ఉంది. వినడానికి ఏవగింపుగా ఉన్నా 2013లో జరిగిన పరీక్షలో అది మందుల కంటే బాగా పనిచేసింది. ఇంట్లో చేసుకునేది కాదు, దాతను పరీక్షించి ఆసుపత్రిలోనే చేస్తారు.

అదే షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల జ్వరంతో రక్త విరేచనాలైతే, తీవ్రమైన కలరా అయితే, మూడు నెలల లోపు పసికందుకో రోగనిరోధక శక్తి లేనివాళ్లకో వస్తే, యాంటీబయాటిక్ కావాల్సి వస్తుంది. రక్తం చూసి ఏ క్రిమో ఇంట్లో ఊహించలేం, మలం పరీక్షకు పంపాలి. ఇంటికి మందు తెచ్చి వేయడం కంటే డాక్టర్ దగ్గరికి వెళ్లడమే దారి.

బయల్దేరాల్సిన గుర్తులు చెబుతాను. ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, ఆరు గంటలైనా మూత్రం పోకపోవడం, కళ్లు లోపలికి పోవడం, పసిబిడ్డ మాడు గుంటపడటం. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోక మడతలాగే నిలవడం. మగతగా పడి ఉండటం, తాగలేకపోవడం, ఏది తాగినా కక్కేయడం. వీటిలో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దు. దారిలో కూడా స్పూనుతో పోస్తూనే ఉండు.

చేతులు సబ్బుతో కడుక్కో, ముఖ్యంగా బిడ్డను శుభ్రం చేసిన వెంటనే. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు మూడు ఎప్పుడూ ఇంట్లో ఉంచు, గడువు తేదీ చూసి కొను. బాబు బరువెంతో ఒక కాగితం మీద రాసి వాటి పక్కనే పెట్టు, డాక్టర్ ముందుగా అడిగేది అదే.

ఇట్లు,
నీ పెద్దమ్మ