రాయడం కష్టమైన విద్యార్థికి పదో తరగతిలో స్క్రైబ్ దొరుకుతాడా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతికి వచ్చాడు. పాఠం అడిగితే గడగడా అప్పజెబుతాడు గానీ, రాయమంటే అరపేజీ దాటేసరికి వేళ్ళు బిగుసుకుపోయి అక్షరాలు ఒకదానిపైకి ఒకటి ఎక్కుతాయి. డాక్టరు గారు డిస్‌గ్రాఫియా అన్నారు. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతానికి తక్కువని రావడంతో, స్క్రైబ్‌ను (విద్యార్థి చెప్పింది రాసిపెట్టే సహాయకుణ్ణి) ఇవ్వడం కుదరదని బడిలో చెబుతున్నారు. మాకిక దారి లేదా?
- ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దారి ఉందమ్మా. బడివారు చెప్పిన 40 శాతం లెక్క చట్టంలో ఉన్నమాట నిజమే. అయితే ఆ లెక్క ప్రధానంగా ఉద్యోగాల్లోనూ ఉన్నత విద్యలోనూ రిజర్వేషన్ల వంటి వాటికి వర్తిస్తుంది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి, డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటి అభ్యసన వైకల్యాలను కూడా అందులో చేర్చింది. పరీక్షలో అదనపు సమయం, స్క్రైబ్ సౌకర్యం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు కల్పించాలని చెప్పే 17వ సెక్షన్‌లో 40 శాతం అన్న షరతు ఎక్కడా లేదు. అక్కడ ఉన్నది వైకల్యం గల విద్యార్థులు అన్న మాట మాత్రమే.

ఈ తేడాను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న ఆ సివిల్స్ అభ్యర్థికి 40 శాతం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు దరిమిలా, 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడంలో ఇబ్బంది పడే అభ్యర్థుల కోసం కేంద్రం 2022 ఆగస్టులో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది; 2025 ఆగస్టులో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. 2022 నాటి వాటి ప్రకారం, ఈ విద్యార్థి రాయలేడు, స్క్రైబ్ అవసరం అని ప్రభుత్వ వైద్యాధికారుల బోర్డు ధ్రువీకరించాల్సి ఉండేది. కనుక మీరు తెచ్చుకోవలసింది శాతం పెంచిన సర్టిఫికెట్ కాదు, రాతలో ఉన్న ఇబ్బందిని స్పష్టంగా పేర్కొన్న పత్రం.

అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు. మూడు గంటల పేపరైతే మరో గంట వస్తుంది.

దరఖాస్తును ప్రధానోపాధ్యాయుని ద్వారానే పంపాలి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల వివరాల జాబితా) తయారయ్యే నాటికే బాబు వివరాలలో ఈ సౌకర్యాలు నమోదయ్యేలా చూడండి. హాల్ టికెట్ చేతికొచ్చాక పరుగులు తీసి లాభం లేదు. దరఖాస్తులో చట్టం పేరు, 17వ సెక్షన్, 2021 తీర్పు, కేంద్రం తాజా మార్గదర్శకాలు ప్రస్తావించి, నకలుపై తేదీతో సంతకం తీసుకోండి. నోటిమాటగా కుదరదంటే ఒప్పుకోవద్దు, ఆ మాటనే కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వారి సాయమూ తీసుకోండి.

భాష మినహాయింపు విషయంలో మాత్రం తొందరపడవద్దని నా సలహా. మీ బాబు ఇబ్బంది చేతిరాతతోనే తప్ప భాషతో కాదు. స్క్రైబ్ దొరికితే ఏ భాషా వదలనవసరం రాకపోవచ్చు.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటి ఉంది. విజయవాడలో ఒక కేంద్రంలో నేను ఇన్విజిలేటరుగా ఉన్నప్పుడు, స్క్రైబ్ సాయంతో రాస్తున్న ఒక పిల్లవాడు లెక్కల పేపరులో “త్రిభుజం గియ్యి” అన్నాడు. స్క్రైబ్‌గా వచ్చిన తొమ్మిదో తరగతి కుర్రవాడు గీశాడు. కానీ శీర్షాలకు పేర్లు పెట్టమని గానీ, ఏ భుజం ఎంత పొడవో రాయమని గానీ పరీక్ష రాస్తున్న పిల్లవాడు చెప్పలేదు. చెప్పాలని అతనికి తెలియదు, ఎందుకంటే ఆ రోజు వరకు ఒక్కసారైనా పక్కవారికి చెప్పి రాయించుకోలేదు. చెప్పిందే రాయాలి తప్ప సొంతంగా ఏదీ చేర్చకూడదన్నది స్క్రైబ్‌కు నియమం. చెప్పి రాయించడం ఒక విద్య, దానికీ సాధన కావాలి.

కనుక అనుమతి వచ్చేదాకా ఆగకుండా, ఈ ఆదివారం నుంచే మీరు కలం పట్టి ఎదురుగా కూర్చోండి. కామా ఎక్కడ, కొత్త పేరా ఎక్కడ, పటంలో బాణం గుర్తు ఎటు అన్నది బాబే చెప్పాలి. అతను చెప్పనిది మీకు తెలిసినా రాయకండి.